యంత్రము మారును, పద్దు నిలువవలెను
(వర్తక కుటుంబముల కొరకు మన సంఘపు వారపు సభలో కార్యవర్గ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి విషయము వినుటకు కొంత నీరసముగా తోచవచ్చును. వ్యాపారమునకు ఎట్టి సర్వరు కొనవలెను, దానిపై ఏ ఆపరేటింగ్ సిస్టము నడుపవలెను అనునది ఇంజనీర్లు మాటలాడుకొను సంగతి గదా, మనకేల యని కొందరు తలపవచ్చును. కావున మాలో ఒకరి దుకాణమున కొన్నియేండ్ల క్రిందట జరిగిన సంగతితో మొదలు పెట్టుచున్నాము.

అది మూడు తరముల దుకాణము. తాతగారు చిట్టా, ఆవర్జాలు తెలుగున వ్రాసిరి. కుమారులు వానిని కంప్యూటరునకు ఎక్కించినప్పుడు ఖాతాదారుల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు తెలుగుననే యుంచిరి. చుట్టును వేరొక భాష మాటలాడు ఊరిలో అది వారికొక ముచ్చట, ఒక పట్టుదల. పాత యంత్రము ముదిసినదని క్రొత్త సర్వరు కొనిరి. అమ్మినవారు ఒక్క రాత్రిలో లెక్కలన్నియు దానిలోనికి మార్చి ఇచ్చిరి. మరునాడు తెరచి చూడగా అంకెలు సరిగానే యున్నవి. బాకీలు పైసలతో సహా సరిపోయినవి. పేర్లున్న చోట మాత్రము వరుసగా ప్రశ్నార్థక చిహ్నములు కనబడినవి. పాత యంత్రమును మార్పిడి క్రింద అప్పటికే ఇచ్చివేసిరి. ఎంతెంత బాకీ రావలెనో తెలియును. ఎవరినుండి రావలెనో తెలియదు. పాత బిల్లుల నకళ్లు, వృద్ధుల జ్ఞాపకము ఆధారముగా మూడు నెలలు ఆ పేర్లను తిరిగి వ్రాసికొనిరి. కొన్ని నేటికిని దొరకలేదు.

ఆ యంత్రము చెడ్డది కాదు, చౌకదియు కాదు. పొరపాటు ఎన్నిక చేసిన వరుసలో నున్నది. వారు మొదట యంత్రమును ఎన్నుకొనిరి. పిదప దానితో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమును అంగీకరించిరి. తమ లెక్కలు వానిలో ఇమిడినవా యని చిట్టచివర చూచిరి. ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచినాము.

సర్వరనగా పలువురు అడిగిన లెక్కలను, కాగితములను ఒకచోటనుండి అందించు కంప్యూటరు. ఆపరేటింగ్ సిస్టమనగా ఆ యంత్రములోని డిస్కును, మెమరీని, ప్రాసెసరును ఆయా పనులకు పంచిపెట్టి, ఎవరికి ఏ గది తలుపు తెరవవచ్చునో నిర్ణయించు పెత్తనదారు. ఈ రెంటికిని పరిమితమైన ఆయుర్దాయము కలదు. మన లెక్కల ఆయుర్దాయము వానికంటె దీర్ఘమైనది. ఈ ఒక్క సంగతి మనసున నుంచుకొనినచో తక్కిన నిర్ణయములన్నియు సులభమగును.

చట్టము ఏమనుచున్నదో చూడుడు. 2013 నాటి కంపెనీల చట్టము 128వ సెక్షను ప్రకారము కంపెనీలు తమ లెక్కల పుస్తకములను ఎనిమిది ఆర్థిక సంవత్సరములు భద్రపరుపవలెను. 2017 నాటి కేంద్ర వస్తుసేవల పన్ను చట్టము 36వ సెక్షను ప్రకారము, రిజిష్టరు చేసికొనిన వర్తకుడు వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలు లెక్కలుంచవలెను. ఎలక్ట్రానిక్ రూపమున లెక్కలుంచు కంపెనీలు వాని నకలును భారతదేశమునందలి సర్వరుపై ప్రతిదినము ఉంచవలెనని 2022 ఆగస్టులో నిబంధన సవరింపబడినది. ఏ పద్దు ఏనాడు దిద్దబడినదో తెలుపు జాడను కంపెనీల లెక్కల సాఫ్టువేరు 2023 ఏప్రిల్ 1 నుండి చెరపరాని విధమున నిలుపవలసి యున్నది. సర్వరు యంత్రమునకు తయారీదారుల హామీ యన్ననో సాధారణముగా మూడేండ్లు. అదనపు సొమ్ము చెల్లించినచో ఐదేండ్లు. ఎనిమిదేండ్లు నిలువవలసిన పద్దు మూడేండ్ల హామీగల యింటిలో కాపురమున్నదన్నమాట. అది ఏనాటికైనను ఇల్లు మారక తప్పదు. కావున సర్వరును పిత్రార్జితమైన ఇల్లుగా గాక అద్దెయిల్లుగా భావింపవలెను. అద్దెయింట చేరునప్పుడు గదుల సొంపుతోబాటు, సామానుతో సుఖముగా వెడలుటకు వీలున్నదా యనియు విచారింతుము గదా.

ఇక ఎన్నిక వరుస. మొదటిది పని. దుకాణమున ఒకేసారి ఎందరు కూర్చుండి పద్దులు వ్రాయుదురు? ఏ సాఫ్టువేరుతో వ్రాయుదురు? ఈ రెంటితోబాటు మరి రెండు ప్రశ్నలు కాగితముపై వ్రాసికొనుడు. సర్వరు నిలిచిపోయినచో ఎన్ని గంటలు ఓర్చుకొనగలము? యంత్రము పూర్తిగా నశించినచో ఎన్ని గంటల పద్దులను చేతితో తిరిగి వ్రాసికొనగలము? అమ్మువారు నూటికి 99.9 వంతులు ఆగక నడచునని చెప్పుదురు. సంవత్సరమునకు 8,760 గంటలు. అందు వెయ్యింట ఒక వంతు ఇంచుమించు ఎనిమిది గంటల నలువదియైదు నిమిషములు. ఆ ఎనిమిది గంటలు ఆదివారము రాత్రి వచ్చినచో బాధ లేదు. దీపావళి ముందునాడు వచ్చినచో సంవత్సరపు లాభము చిక్కున పడును. బియ్యపు మిల్లునకును, బట్టల కొట్టునకును, ఆడిటరు కార్యాలయమునకును జవాబులు వేరు వేరు. పొరుగు దుకాణమున ఉన్న యంత్రమునే మనము కొనుట అందువలన తగదు.

రెండవది ఆపరేటింగ్ సిస్టము. విండోస్ గొప్పదా, లినక్సు గొప్పదా యని యువకులు వాదించుకొనుచుందురు. విండోస్ ఎన్‌టీ 1993లో వచ్చినది. లినస్ టోర్వాల్డ్స్ లినక్సును 1991లో ఆరంభించెను. రెండును ముప్పదియేండ్లకు పైబడి ఆరితేరినవే. వర్తకునకు కావలసిన విచారణ వేరు. తాను వాడు లెక్కల సాఫ్టువేరు దేనిపై నడచును? మన దేశమున విస్తారముగా వాడుకలోనున్న టాలీ విండోస్ కొరకు నిర్మింపబడినది. దుకాణమంతయు దానిపై ఆధారపడినచో వాదము అక్కడికే ముగియును. వెబ్‌సైటు, తపాలా, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు, సాంబా ద్వారా కాగితముల పంపకము ముఖ్యమైనచో లినక్సు చక్కగా సరిపోవును.

వెల సంగతియు చూతము. విండోస్ సర్వరు స్టాండర్డు కూర్పునకు ప్రాసెసరులోని కోరుల లెక్కన లైసెన్సు కొనవలెను. మీ యంత్రమున ఎనిమిది కోరులే యున్నను, సర్వరొక్కంటికి కనీసము 16 కోరులకు చెల్లింపవలెను. దానికి తోడు సర్వరును వాడుకొను ప్రతి మనిషికిగాని, ప్రతి పరికరమునకుగాని ప్రవేశ లైసెన్సు వేరుగా కావలెను. కొటేషనులో ఈ రెండవ పంక్తి లేకున్నచో అడిగి వ్రాయించుకొనుడు; చౌకయని తోచిన కొటేషనులలో పలుమారు ఇదియే లోపించి యుండును. 25 మందికి లోబడిన చిన్న సంస్థలకు ఎసెన్షియల్స్ అను కూర్పు కలదు. దానికి ప్రవేశ లైసెన్సులు అక్కరలేదు. డెబియన్, ఉబుంటు అను లినక్సు కూర్పులకు లైసెన్సు రుసుము లేదు. రెడ్ హ్యాట్ వారి వ్యాపారపు కూర్పునకు ఏటేటా చందా చెల్లింపవలెను. రుసుము లేనంతమాత్రమున ఖర్చు లేదనుకొనరాదు. రాత్రి పదిగంటలకు సర్వరు మొరాయించినప్పుడు వచ్చి చూచువారెవరు? మీ ఊరిలో లినక్సు తెలిసినవారు ఇద్దరైనను లేనియెడల, ఉచితముగా వచ్చినది మిక్కిలి ఖరీదు కావచ్చును. ఒక్కరు చాలరా యని అడుగుదురేమో. ఆ ఒక్కరు పెండ్లికి ఊరు వెళ్లిననాడే డిస్కు చెడును!

వెలకంటె ముఖ్యమైనది పోషణ గడువు. లోపములు బయటపడిన కొలది తయారీదారులు సవరణలు పంపుచుందురు. గడువు తీరిన పిమ్మట అవి రావు. ఇంటికి తలుపులుండును గాని గడియలుండవు. విండోస్ సర్వరు 2012 కూర్పునకు 2023 అక్టోబరు 10న పోషణ ముగిసినది. 2016 కూర్పునకు గడువు 2027 జనవరి 12. 2022 కూర్పునకు 2031 అక్టోబరు 14. ఉబుంటు దీర్ఘకాలపు కూర్పులకు ఐదేండ్లును, రెడ్ హ్యాట్ కూర్పులకు పదేండ్లును సాధారణ గడువు. పాత కూర్పును తక్కువ వెలకు ఇత్తుమన్నవారిని, దానికి మిగిలిన ఏండ్లెన్ని యని అడుగుడు. సగము వెలకు వచ్చి సంవత్సరమే మిగిలినది చౌక బేరము కాదు.

ఈ విషయమున లోకమునకు రెండు గుణపాఠములు కలిగినవి. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము దేశదేశములందు కంప్యూటర్లలోని కాగితములకు తాళములు వేసి, విప్పుటకు సొమ్ము కోరినది. అది చొరబడిన లోపమునకు సవరణను మైక్రోసాఫ్టువారు ఆ మార్చి నెలలోనే ఇచ్చియుండిరి. వేసికొనని వారును, గడువు తీరిన కూర్పులు వాడుచున్నవారును నష్టపడిరి. రెండవది సెంటాస్ కథ. రెడ్ హ్యాట్ కూర్పునకు ఉచిత ప్రతిరూపమగు సెంటాస్‌ను అనేక సంస్థలు నమ్ముకొనెను. దాని 8వ కూర్పునకు 2029 వరకు పోషణ యుండునని తెలిపియుండిరి. 2020 డిసెంబరులో ఆ మాట మార్చి, 2021 డిసెంబరు 31తోనే ముగించిరి. ఆ లోటు తీర్చుటకై 2021లోనే రాకీ లినక్సు, ఆల్మా లినక్సు అనునవి బయలుదేరినవి. ఇది లినక్సుపై నింద కాదు. ఎవరి మాటపైనను ఎనిమిదేండ్లు నిశ్చింతగా నిద్రపోరాదనుటకు నిదర్శనము. ఆ సంస్థలు క్రొత్త కూర్పులకు సులువుగా మారగలుగుట మాత్రము గమనింపదగినది. లెక్కలు తెరచిన పద్ధతిలో నుండుటచే వెలుపలికి తెచ్చుకొనుటకు అడ్డు లేకపోయినది.

చిన్న దుకాణముల వారు, మామూలు బల్లమీది కంప్యూటరునే సర్వరుగా వాడుకొనరాదా యని అడుగుదురు. నలుగురైదుగురు కాగితములు పంచుకొనుటకు వాడుకొనవచ్చును. విండోస్ ప్రొఫెషనల్ కూర్పు లైసెన్సు అట్టి పంపకమునకు 20 పరికరముల వరకు అనుమతించుచున్నది. అయితే విండోస్ 10కి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14న ముగిసినది. దానిపై లెక్కలుంచినవారు మార్పును వాయిదా వేయరాదు.

ఇప్పుడు మన భాష సంగతికి వత్తుము. మొదట చెప్పిన దుకాణమున పేర్లు ఏల పోయినవి? తెలుగు అక్షరములకు 1991 నాటి యూనికోడు మొదటి కూర్పునుండియే ప్రత్యేక సంకేతములు కలవు. నేటి విండోస్, లినక్సు రెండును వానిని చక్కగా ఎరుగును. చిక్కు డేటాబేసులోని గడుల వద్ద వచ్చును. మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు, 2018లో వచ్చిన 8.0 కూర్పునకు ముందు, మనము వేరుగా చెప్పనిచో ఐరోపా లిపులకు సరిపడు లాటిన్ పద్ధతినే స్వీకరించుచుండెను. మైక్రోసాఫ్టు వారి ఎస్‌క్యూఎల్ సర్వరులో తెలుగును యూనికోడు గడులలోనే వ్రాయవలెను; యు.టి.ఎఫ్-8 పద్ధతిని వారు 2019 కూర్పునుండి చేర్చిరి. ఇరుకు గడిలో తెలుగు పోసినచో అక్షరము పోయి ప్రశ్నార్థకము మిగులును. ఆ ప్రశ్నార్థకమునుండి అక్షరమును తిరిగి పుట్టించుట ఏ పండితునికిని సాధ్యము కాదు. తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీ పేర్లకును ఇదే గతి. కావున ఇరుగుపొరుగు ఖాతాదారుల కొరకైనను ఈ పరీక్ష చేయక తప్పదు. సొమ్ము చెల్లించుటకు ముందే పది పేర్లు తెలుగున వ్రాయించి, దాచించి, నకలు తీయించి, మరియొక యంత్రమున తెరపించి చదువుడు. శ్రీ, క్ష్మి, స్త్రి వంటి సంయుక్తాక్షరములున్న పేర్లను ఏరుకొనుడు. అరగంట పని.

మూడవది, చిట్టచివరిది, యంత్రము. ఇప్పుడు దీనిని ఎన్నుకొనుట తేలిక. ఎన్నుకొనిన ఆపరేటింగ్ సిస్టము ఆ నమూనా యంత్రముపై నడచునని తయారీదారుల పట్టికలో నున్నదా యని మొదట చూడుడు. రెడ్ హ్యాట్ 10వ కూర్పు 2025లో వెలువడినప్పుడు కొన్ని పాత ప్రాసెసర్లను వదలివేసినది. వాడిన సర్వరును చౌకగా కొనువారు దీనిని మరవరాదు. ప్రాసెసరులో కోరులు ఎక్కువైన కొలది విండోస్ లైసెన్సు వెలయు పెరుగును. దుకాణమునకు 32 కోరులు అక్కరలేదు. ఆ సొమ్మును మూడింటిపై పెట్టుడు. ఒకటి, మెమరీలో దొరలిన తప్పును తానే కనిపెట్టి దిద్దుకొను ఇ.సి.సి. మెమరీ. రెండు, ఒకదానికి ప్రతిబింబముగా మరియొకటి పనిచేయు జంట డిస్కులు. మూడు, కరెంటు పోయినప్పుడు సర్వరు తనంతట తాను సక్రమముగా మూతపడునట్లు అమర్చిన యు.పి.ఎస్. మరునాటికి మీ ఊరికే మనిషిని, విడిభాగమును పంపు హామీ తీసికొనుడు. అది పెద్ద నగరములకే పరిమితమా, బరంపురమునకు, యానామునకు, హోసూరునకు వర్తించునా యని వ్రాతమూలకముగా అడుగుడు. కరెంటు ఖర్చును లెక్కలో వేసికొనుడు. ఎడతెగక 150 వాట్లు తీసికొను యంత్రము ఏడాదికి 1,314 యూనిట్లు కాల్చును.

యంత్రము నిలుపు స్థలమును గూర్చి ఒక్కమాట. 2015 డిసెంబరు మొదట చెన్నపట్టణమున వచ్చిన వరదలలో నేలమట్టపు గదులలోని సామగ్రి మునిగినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటి గంజాము జిల్లాను అల్లకల్లోలము చేసినది. నీరు సర్వరు వెలను అడుగదు. మేడమీద గాలి సోకు గదిలో, తాళము క్రింద నుంచుడు.

సొంత యంత్రమే వద్దు, అద్దెకు తీసికొందుమను క్లౌడు మార్గమును కలదు. మైక్రోసాఫ్టువారు 2015లో చెన్నై, పుణె, ముంబయిలందును, అమెజానువారు 2016లో ముంబయియందును, 2022లో హైదరాబాదునందును తమ కేంద్రములను తెరచిరి. మొదటి పెట్టుబడి తగ్గును. నెలనెలా బిల్లు వచ్చును. ఇంటర్నెట్టు నిలిచిననాడు దుకాణము నిలుచును. అద్దె మానినప్పుడు లెక్కలను ఏ రూపమున, ఎన్నిదినములలో తిరిగి ఇత్తురని ఇచ్చటను అడుగవలెను.

ఏ మార్గమైనను నకళ్లు తప్పవు. జంట డిస్కులున్నవి గదా యని కొందరు ధైర్యముగా నుందురు. గుమాస్తా పొరపాటున ఒక ఏడాది లెక్క చెరపినచో రెండవ డిస్కును ఆ క్షణముననే విధేయతతో చెరపును. ప్రతిబింబము నకలు కాదు. లెక్కలు మూడు ప్రతులు, రెండు విధముల సాధనములపై, ఒకటి మరియొక ఊరిలో ఉండవలెను. ఒక ప్రతిని తీసిన వెంటనే యంత్రమునుండి విడదీయవలెను, అప్పుడు తాళములు వేయు దుష్ట ప్రోగ్రాము దానిని తాకలేదు. మూడు నెలలకొకసారి ఆ నకలును ఖాళీ యంత్రముపై తెరచి, తోచిన పది ఖాతాలు చదివి చూడుడు. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరికిని తెలియదు. పాత యంత్రమును మాత్రము ఒక ఆర్థిక సంవత్సరము గడచువరకు ఎవరికిని ఇవ్వకుడు. ఆ దుకాణము వారు ఇది ఒక్కటి పాటించియున్నను పేర్లు దక్కియుండెడివి.

సోదరులారా, మన పెద్దలు ఈ ఊళ్లకు వచ్చినప్పుడు తెచ్చుకొనిన భాషను బడిలోను, గుడిలోను, పెండ్లి పందిటిలోను నిలుపుకొనుటకు మనము సభలు చేయుచున్నాము. అంగడిలోని ఆవర్జాయు మన భాష నివసించు చోటులలో ఒకటి. అందలి పేర్లు మన పెద్దలు నమ్మి అప్పిచ్చిన మనుష్యుల పేర్లు. సర్వరు కొనునప్పుడు పని ఏమి, పోషణ ఎంతకాలము, చూచువారెవరు, వెడలు దారి ఏది, పేర్లు సరిగా వచ్చుచున్నవా అను ఈ ఐదు ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని వెళ్లుడు. జవాబు చెప్పలేనివారి యొద్ద కొనకుడు.